కాగితం కోప్పడదు

పిల్లల చేత ఇంట్లో ఏదైనా చేయించాలంటే ఇప్పుడు అందరికీ మొదట గుర్తొచ్చేది కిట్టు. రంగురంగుల పెట్టె, పెట్టె మీద సీతాకోకచిలుక బొమ్మ, లోపల ముందే కత్తిరించి పెట్టిన రెక్కలు, ఒలిచి అంటించే స్టిక్కర్లు, కళ్ళకి రెండు ప్లాస్టిక్ గుండ్రాలు. పావుగంటలో పెట్టె మీదున్న సీతాకోకచిలుకే చేతిలోకి వస్తుంది. మా మనవరాలి పుట్టినరోజుకి ఇలాంటివి చాలానే వచ్చాయి. వాటిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. రైలు ప్రయాణాల్లోనూ, వానాకాలం జ్వరాలప్పుడూ బాగానే ఆదుకుంటాయి. కానీ ఒకటి గమనించాను. అందులో తప్పు చేసే వీలు ఎక్కడా లేదు. రెక్క ఎక్కడ పెట్టాలో గీత గీసే ఉంటుంది. ఎంత జిగురు పూయాలన్న ప్రశ్నే రాదు. పొరపాటుకి చోటే లేకపోతే పిల్ల అక్కడ తేల్చుకోవలసింది ఏముంది?

నేను లెక్కల టీచర్ని. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పనిచేసి రిటైరయ్యాను. తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లలు చతురస్ర వైశాల్యం ఎంతంటే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్ళు. నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చించి, స్కేలు ముట్టుకోకుండా చతురస్రం చెయ్యమంటే మాత్రం సగం క్లాసు నా ముఖంలోకి చూసేది. ఆ చూపు నాకు కొట్టిన పిండి. చేసింది సరిగ్గా ఉందో లేదో కాగితంలో కాకుండా టీచరమ్మ ముఖంలో వెతుక్కునే చూపు అది. అది ఎక్కడ మొదలవుతుందో తెలిసింది మాత్రం ఉద్యోగం అయిపోయాక, హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో, హాల్లో పరిచిన చాప మీద. మనవలిద్దరిలో పెద్దదానికి అయిదో ఏడు, చిన్నవాడికి మూడు నిండాయి. వాళ్ళమ్మా నాన్నా ఆఫీసులకి వెళ్ళాక మధ్యాహ్నాలు మా ముగ్గురివీ.

కాగితంతో మొదలుపెట్టాను, ఖర్చు లేదు కదా అని. న్యూస్‌పేపరు మూల పట్టుకుని ఎదుటి అంచుకి తెచ్చి మడిచి, మిగిలిన పట్టీ చింపేస్తే చతురస్రం. ఒకసారి చేసి చూపించి ఊరుకున్నాను. పెద్దది మూల పట్టుకుని తెచ్చింది, అంచుకి అరవేలు ఇవతలే ఆపేసి అరచేత్తో రుద్దేసింది. పట్టీ చింపి విప్పితే ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. ఇది చతురస్రం కాదే అని నేను అనలేదు. దాంతోనే కత్తి పడవ చెయ్యడానికి కూర్చుంది. రెండు మూడు మడతల దాకా పని నడిచింది. ఆ తర్వాత ఒక చెవి బయటికి పొడుచుకొచ్చింది. లోపలికి తోస్తే పోలేదు. రెండోవైపు తిప్పి తోసింది, ఈ పక్క చిరిగింది. నా వైపు చూడలేదు. కాగితాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత ఇంకో కాగితం లాక్కుని, మొదటి మడత దగ్గర మూలని ఒక వేలితో నొక్కిపట్టి, రెండో చేతి గోటితో మడత గీసింది. నొక్కిపట్టమని దానికెవరూ చెప్పలేదు. పొడుచుకొచ్చిన ఆ చెవే చెప్పింది.

ఇదే పిల్లని అంతకు ముందే "రెండూ మూడూ ఎంతే?" అని అడిగితే "నాలుగు" అంది. నా కనుబొమలు కదిలాయో లేదో, "కాదు కాదు, అయిదు... కాదు, ఆరు" అని మార్చేసింది. వేళ్ళు చూసుకోలేదు, నన్నే చూసింది. అయిదు అన్నప్పుడు నేను నవ్వి ఉంటే అక్కడే ఆగిపోయేది. ఎందుకు అయిదో మాత్రం దానికి తెలిసిందో లేదో నాకూ తెలియదు. కాగితానికి కనుబొమల్లేవు. తప్పు మడిస్తే కోప్పడదు, ఒప్పు మడిస్తే శభాష్ అనదు. ఉన్నది ఉన్నట్టు చూపించి ఊరుకుంటుంది. మనుషుల్లో ఇంత ఓర్పున్న టీచరు నాకు ఎక్కడా తారసపడలేదు, నన్ను కలుపుకునే చెబుతున్నాను.

ఈ మాట కొత్తదేం కాదు, పాతవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లల కోసం ఆటల బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆ బళ్ళో పలకా బలపం కన్నా ముందు పిల్లల చేతికొచ్చినవి దారపు బంతులు, కొయ్య దిమ్మలు, మడిచే కాగితాలు, బంకమన్ను. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది కూడా. కొయ్య దిమ్మల్లో ప్రభుత్వానికి ఏం ప్రమాదం కనిపించిందో! ఆ కాగితం మడతలే ఖండాలు దాటి మద్రాసు చేరాయి. అక్కడ టి. సుందరరావు అనే ఆయన 1893లో కాగితం మడతలతో రేఖాగణితం చెప్పే ఇంగ్లీషు పుస్తకం అచ్చు వేయించారు. కిండర్‌గార్టెన్ పిల్లల కాగితం మడతలు చూస్తేనే ఈ ఆలోచన వచ్చిందని ముందుమాటలోనే రాసుకున్నారు. వృత్తలేఖిని లేకుండా, ఒట్టి మడతలతో సమబాహు త్రిభుజం, పంచభుజి, షడ్భుజి అన్నీ తీసి చూపించారు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించాక 1901లో చికాగోలో మళ్ళీ అచ్చయింది. కోణ సమద్విఖండన రేఖ గీయడానికి మేము బోర్డు మీద చాపాలు వేసి చాలా హడావిడి చేసేవాళ్ళం. కోణం రెండు భుజాలూ ఒకదాని మీద ఒకటి పడేలా కాగితం మడిస్తే ఆ మడతే సమద్విఖండన రేఖ. అయిదేళ్ళ పిల్ల పేరు తెలియకుండానే ఆ రేఖని రోజూ గీస్తోంది.

చిన్నవాడికి కాగితం ఇంకా లొంగదు. వాడి సామ్రాజ్యం వంటింటి గట్టు కింది అర. స్టీలు డబ్బాలన్నీ బయట పడేసి మూతలు పెట్టడం వాడి పని. చిన్న మూత పెద్ద డబ్బాలో పడిపోతుంది, పెద్ద మూత చిన్న డబ్బా మీద జారిపోతుంది. అన్నిటికీ ఏదో ఒకటి పెట్టేశాక చివరికి ఒక డబ్బా, దానికి సరిపడని ఒక మూత మిగిలిపోతాయి. అప్పుడు వాడు నడుమున చేతులు పెట్టుకుని ఆ రెండింటినీ చూసే చూపు చూడాలి! మళ్ళీ అన్నీ ఊడదీస్తాడు. మరియా మాంటిస్సోరి 1907లో రోములో మొదలుపెట్టిన "పిల్లల ఇల్లు" అనే బడిలో సరిగ్గా ఇదే పనికి కొయ్య పలక ఒకటి ఉండేది. అందులో పది గుంటలు, వాటిలో దిగే పది గుబ్బలు. ఒక్క గుబ్బ తప్పు గుంటలో పడిందంటే చివర లెక్క కుదరదు. తప్పు ఎక్కడుందో పెద్దవాళ్ళు చెప్పకుండా పిల్లలకే తెలిసేలా కావాలనే అలా తయారుచేయించింది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల తిరిగి వెళ్ళే వీలు లేక 1946 దాకా ఈ దేశంలోనే ఉంది. ఇప్పుడు మన ఊళ్ళలో ఆవిడ పేరున్న బోర్డులకి లెక్కలేదు. ఆ బోర్డుల వెనక మూడేళ్ళ పిల్లలు నాలుగు గీతల కాపీ పుస్తకాలు దిద్దుతూ కనిపిస్తారు. ఆవిడ చూస్తే ఏమనేదో గాని, నేనైతే ఆ పుస్తకాలు తీసి అటక మీద పడేయమంటాను.

ఊరికే కోపంతో అంటున్న మాట కాదిది. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు వాటిలో ఒక్కటీ ఎముక కాదు, అంతా మెత్తటి మృదులాస్థి. ఏడాది లోపు ఒకటి రెండు గట్టిపడతాయి. మూడేళ్ళవాడి చేతికి ఎక్స్‌రే తీస్తే మూడో నాలుగో కనిపిస్తాయి. ఎనిమిదోది కనిపించేసరికి ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్య వయసు వస్తుంది. పిల్లల వయసుకి తగ్గ ఎదుగుదల ఉందో లేదో డాక్టర్లు ఈ ఎక్స్‌రే చూసే అంచనా కడతారు. ఆ చేతికి పెన్సిలు ఇచ్చి "అ" గుండ్రంగా రాలేదని మొట్టికాయ వేస్తే, ఇంకా తయారుకాని మణికట్టుని తిట్టినట్టే. ఆ వయసుకి కాగితం చింపడం ఉంది, బఠాణీలు ఒలవడం ఉంది, కొత్తిమీర తుంచడం ఉంది, స్పాంజి నీళ్ళలో ముంచి పిండటం ఉంది. వేళ్ళకీ మణికట్టుకీ కావలసిన సాధన అందులోనే దొరుకుతుంది. పైగా ఇంట్లో పనికీ వస్తుంది. కొత్తిమీర కాడలతో సహా కూరలో పడితే పడనివ్వండి.

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టేది పిండి. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, నీళ్ళు కొంచెం కొంచెంగా. ఉప్పు అంత ఎక్కువ ఎందుకంటే త్వరగా బూజు పట్టదు, పైగా ఒకసారి నోట్లో పెట్టుకున్నవాడు రెండోసారి పెట్టుకోడు. షాపుల్లో దొరికే ప్లే డో అసలు పుట్టింది అమెరికాలో గోడకాగితాల మీద బొగ్గు మసి తుడిచే ముద్దగా. బొగ్గు పొయ్యిలు పోయి ఆ ముద్దకి గిరాకీ తగ్గాక, పిల్లల బడి టీచరు ఒకావిడ తన పిల్లల చేతికి దాన్నిచ్చి చూసింది. 1956లో బొమ్మగా బజారులోకి వచ్చింది. మన చపాతీ పిండికి అంత చరిత్ర లేదు గాని పని అదే.

నీళ్ళు తక్కువైతే పిండి పగులుతుంది, ఎక్కువైతే వేళ్ళకి అంటుకుని వదలదు. ఎన్ని నీళ్ళు పోయాలో నేను చెప్పడం మానేశాను. పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు, ఇంకో గిన్నెలో పొడి పిండి పెడితే చాలు, సర్దుబాటు వాళ్ళే చేసుకుంటున్నారు. రంగు కోసం ఒక ముద్దలో పసుపు కలిపాం, ఒకదానిలో బీట్‌రూట్ రసం. ఆట అయ్యాక పెద్దది బట్టల సబ్బుతో చేతులు కడుక్కుంటూ కేక పెట్టింది, "అమ్మమ్మా, రక్తం!" అని. పసుపంటిన వేళ్ళు సబ్బు తగిలి ఎర్రబడ్డాయి. పసుపుకి సున్నం తగిలితే పారాణి అవుతుందని మన ఇళ్ళలో ఆడవాళ్ళకి తెలియనిది కాదు. సబ్బులోనూ సున్నంలాగే క్షారగుణం ఉంది. ఆ పిల్లకి క్షారం అని చెప్పలేదు. ఒక చిన్న పసుపు ముద్ద, ఒక సబ్బుముక్క, ఒక నిమ్మచెక్క ముందు పెట్టి నా పనికి నేను వెళ్ళిపోయాను. కాసేపటికి వచ్చి, నిమ్మకాయ పిండితే మళ్ళీ పచ్చబడిందని ఇంటిల్లిపాదికీ చాటింపు వేసింది.

పిండి దగ్గరే ఇంకో పాఠం చదివాను. పాఠం వాళ్ళది, చదువు నాది. ఇద్దరికీ సమానంగా రెండు ముద్దలిచ్చాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. పెద్దది తన ముద్దని పాము చేసింది. చిన్నవాడు ఏడుపు లంకించుకున్నాడు, అక్కకి ఎక్కువిచ్చావని. నీది కూడా అంతేరా నాన్నా అంటే వినడు. అక్క పాముని మళ్ళీ ముద్ద చేసి పక్కన పెడితే ఊరుకున్నాడు. ఇంకోసారి పాము చేస్తే మళ్ళీ రాగం. జెనీవాలో జీన్ పియాజే ఇదే ప్రయోగం ఎంతోమంది పిల్లల మీద చేసి చూశాడు. సుమారు ఆరేడేళ్ళు వచ్చేదాకా చాలామంది పిల్లలు పొడుగైతే ఎక్కువైందనే అంటారని రాశాడు. బీఈడీలో ఈ ముక్క బట్టీ పట్టి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆ పేజీకి ప్రాణం వచ్చి ఎదురుగా ఏడుస్తుంటే గాని అందులో సంగతి అంతుబట్టలేదు. మూడేళ్ళవాడికి పరిమాణం మారదని ఎంత చెప్పినా ఆ మాట గాల్లో పోతుంది. ముద్దని పాము చేసి, పాముని ముద్ద చేసి, అలా చేతులతో వెనక్కీ ముందుకీ నడిచీ నడిచీ వాడే ఒకనాడు "రెండూ ఒకటేగా" అంటాడు. అది ఎప్పుడన్నది వాడిష్టం. మన పని పిండి అయిపోకుండా చూడటం.

బొంగరం కథ కూడా చెప్పాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగులతో బొమ్మలు చేస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి బొంగరం ఒకటి మా ఇంట్లో ఉంది. వేళ్ళతో తిప్పి వదిలితే నిటారుగా నిలబడి చాలాసేపు తిరుగుతుంది. అలాంటిది మనమూ చేద్దామని పెద్దది పట్టుపట్టింది. అట్టపెట్టె మీద గ్లాసు బోర్లించి గుండ్రంగా గీసి, మొద్దు కత్తెరతో తంటాలు పడి కత్తిరించి, మధ్యలో అగ్గిపుల్ల గుచ్చింది. గుచ్చడానికి ముందు సూదితో బెజ్జం మాత్రం నేను వేశాను, అది చూపించిన చోటే. తిప్పితే అది తాగినవాడిలా ఊగి పక్కకి పడిపోయింది. "ఏటికొప్పాకది పడట్లేదేం?" అంది. నేను రెండు బొంగరాలూ దాని ముందు పెట్టాను. తిప్పింది, ఆపింది, మళ్ళీ తిప్పింది. పుల్ల మధ్యలో లేదని కనిపెట్టింది. ఇంకోటి చేసి, కంటి కొలతతో మధ్య అనుకున్న చోట గుచ్చమంది. కొంచెం నయం, అయినా ఊగింది. మధ్య ఎక్కడో ఎలా తెలుస్తుంది?

ఇక్కడ నా నోరు చాలా దురదపెట్టింది. జ్యాలు, వ్యాసాలు, కేంద్రాలు ముప్ఫై ఏళ్ళు చెప్పిన నోరు. అయినా ఊరుకుని, అదే గ్లాసు కొలతతో కత్తిరించిన కాగితం గుండ్రం ఒకటి చాప మీద పడేశాను. మడతలకి అలవాటైన చేయి కదా, ఊరుకోదు. సగానికి మడిచింది, అలవాటుగా ఇంకో సగానికి మడిచింది. విప్పింది. రెండు గీతలు, అవి కలిసిన చోటు. కాసేపు వేలితో ఆ చోటు నిమిరి, కాగితాన్ని అట్ట మీద పెట్టి, "ఇక్కడ గుచ్చు" అంది. ఆ బొంగరం నిలబడి తిరిగింది. ఏటికొప్పాకదంతసేపు కాదులెండి, అయినా నిలబడింది. రెండు వ్యాసాలు ఖండించుకునే బిందువే వృత్త కేంద్రమని నేను బోర్డు మీద రాసిన ఏ రోజూ ఒక్క పిల్లవాడి ముఖంలోనూ ఆ వెలుగు చూడలేదు. నిజానికి ఆ పిల్ల నా వైపు చూసింది కూడా అప్పుడే. సరిగ్గా ఉందా అని అడగడానికి కాదు, చూశావా అని చెప్పడానికి.

ఇలాంటి చెత్తతో చేసే బొమ్మల మీద జీవితమంతా పనిచేసిన అరవింద్ గుప్తా గురించి ఇక్కడ ఒక మాట. కాన్పూరు ఐఐటీలో చదివి, హోషంగాబాద్ పల్లె బడుల సైన్సు కార్యక్రమంలో చేరి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి త్రిభుజాలూ ఘనాలూ చేయించిన మనిషి. త్రిభుజం నొక్కినా కదలదు, చతురస్రం నొక్కితే వాలిపోతుంది. వంతెనలకీ కరెంటు టవర్లకీ త్రిభుజాలెందుకో పిల్లల వేళ్ళకే తెలిసిపోతుంది. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. నా సర్వీసులో ఆయన పుస్తకాలు బడి బీరువాలో ఉండేవి. బీరువాకి తాళం ఉండేది.

మన ముగ్గు కూడా తప్పుని తనే చూపించే ఈ జాతిదే. పెద్దదానికి పలక మీద 5 చుక్కలు, సందు చుక్క, 3 వచ్చేదాకా పెట్టమని చెప్పాను. మూడు, నాలుగు, అయిదు, నాలుగు, మూడు, మొత్తం 19 చుక్కలు. ఒక్క చుక్క తప్పిపోయినా గీతకి దారి ఉండదు, చుట్టూ తిరిగి వచ్చి ఎక్కడో గాల్లో నిలబడిపోతుంది. చేసింది తప్పని ఆ గీతే చెబుతుంది. పైవైపు ఉన్నదే కిందవైపూ రావాలన్న సౌష్ఠవం, వరసకొకటి పెరిగి వరసకొకటి తగ్గే లెక్క, రెండూ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు పెద్దది 7 చుక్కలు, సందు చుక్క, 4 దాకా వచ్చింది. ఎన్ని చుక్కలో లెక్కపెట్టి 36 అంది. నేనేమీ అనలేదు. గీత కలపబోయి, చుక్క తక్కువైందని తనే చెప్పి, వెతికి పెట్టి 37 చేసింది. మా అపార్ట్‌మెంటులో ఏ గుమ్మం ముందు చూసినా స్టిక్కరు ముగ్గే. దులుపుకోవడానికి హాయే, ఒప్పుకుంటాను. కిట్టులో సీతాకోకచిలుకకీ దీనికీ తేడా లేదని మాత్రం అనిపిస్తుంది.

ఇంతా చేసి పెద్దవాళ్ళం దీన్ని చెడగొట్టే దారి ఒకటుంది, అది మెచ్చుకోలు. మా అమ్మాయి సాయంత్రం రాగానే పిల్ల చేసినవాటికి ఫోన్‌తో ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెడుతుంది. సూపర్లు, చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చిపడతాయి. తల్లి ముచ్చట, కాదనడానికి నేనెవర్ని? కొన్నాళ్ళకి పిల్ల పడవ సగంలో ఉండగానే "ఫొటో తీస్తావా?" అని అడగడం మొదలుపెట్టింది. ఫొటో తీశాక ఆ పడవని ముట్టుకోవడం లేదు. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక నర్సరీ బడిలో ఈ సంగతే తేల్చారు. రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు చుక్కా రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత కొన్నాళ్ళకి ఊరికే పెన్నులు పెట్టి చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళు గడిపినదాంట్లో సుమారు సగం సేపే బొమ్మలు వేశారు. ఇష్టంగా ఆడుకున్న ఆట వాళ్ళకి కూలిపని అయింది. హైస్కూల్లో నేను చూసిన ఆ చూపు పుట్టేది ఇక్కడే అని నా నమ్మకం. పొడుచుకొచ్చిన చెవి వైపు చూడవలసిన కళ్ళు ఫోన్ వైపు తిరుగుతాయి. మా అమ్మాయితో చెప్పాను. ఇప్పుడు ఫొటోలు తీస్తుంది గాని పిల్లలు పడుకున్నాక తీస్తుంది.

బాగుంది అనడం మానేస్తే మరి ఏమనాలి? "ఈ మూల ఎలా మడిచావు?" అని అడగండి. చెప్పడం మొదలుపెడితే ఆపరు.

జాగ్రత్తలు కొన్ని చెప్పకపోతే తప్పు. మూడేళ్ళ లోపు పిల్లలున్న చోట శనగలు, చింతగింజలు, పూసలు వద్దు, ముక్కులోకో గొంతులోకో పోతాయి. బొమ్మల్లో వచ్చే బొత్తాం బ్యాటరీ మింగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎర్రగా నల్లమచ్చతో ముద్దొచ్చే గురివింద గింజలు చేతిపనుల పెట్టెలోకి రానివ్వకండి, నమిలితే ప్రాణం తీసే విషం వాటిలో ఉంది. కత్తెర మొద్దు మొనది కొనండి, అయితే పదును లేనిది మాత్రం కొనకండి. తెగని కత్తెర పిల్లకి పాఠం చెప్పదు, విసుగు పుట్టిస్తుంది. మా చిన్నవాడు ఎడమచేతి వాటం. మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే కాగితం తెగకుండా మడత పడుతుంది. తప్పు వాడిదీ కాదు, కాగితానిదీ కాదు. కుడిచేతి వాళ్ళ కోసం చేసిన కత్తెర అది. ఎడమచేతి కత్తెరలు వేరే దొరుకుతాయి. చేయి మార్పించే పాత పద్ధతి మాత్రం మానుకోవాలి.

సామానుకి షాపుకి పోనక్కర్లేదు. కొరియరు అట్టపెట్టెలు, కొత్త చొక్కాలో వచ్చే అట్ట, పెళ్ళి శుభలేఖలు, బెండకాయ తొడిమలు. తొడిమ కోసిన చోట రంగులో ముంచి అద్దితే అయిదు రేకుల పువ్వు పడుతుంది, ఒక్కోసారి ఆరు రేకులది వస్తే ఇంట్లో పండగే. జిగురుకి అన్నం మెతుకులు చాలు. మెతుకు తక్కువైతే ఊడిపోతుంది, ఎక్కువైతే ఉబ్బెత్తుగా లేస్తుంది. అదీ పాఠమే.

చివరగా తల్లిదండ్రులకి ఒక విన్నపం. బడి నుంచి ప్రాజెక్టు రాగానే రాత్రి పదకొండింటి దాకా మీరు కూర్చుని థర్మోకోల్ కత్తిరించకండి, స్టేషనరీ షాపులో రెడీగా దొరికే చార్టు కొనకండి. పిల్ల ఎలా చేస్తే అలా పంపండి. వంకరగా ఉంటే వంకరగానే పంపండి. ఏది పిల్ల చేసిందో ఏది మీరు చేశారో టీచర్లకి గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది. ఒకట్రెండు మార్కులు తగ్గితే తగ్గనివ్వండి. ఎన్నో ఏళ్ళు మార్కులు వేసిన మనిషిగా చెబుతున్నాను, వాటికి అంత విలువ లేదు.